ఉప్పుగదిలో చదరపు బొమ్మలు

విదియ

పోటు పొద్దున్నే వచ్చింది. ఉప్పు వడకట్టే పొరలు కడిగాను. రెండు పంపులూ ఆడుతున్నాయి, మంచినీళ్ళ గొట్టంలో రుచి బాగుంది. ఈ లాగ్‌లో ఇంతకు మించి రాయకూడదని కమిటీ వారి నియమం. నా తర్వాత షిఫ్టుకి వచ్చే మోషే ఇంత కూడా చదవడు. కానీ ఈ తెప్పల ఊరు కట్టిన రోజు నుంచి సముద్రాన్ని వడకట్టి అందరి గొంతూ తడుపుతున్నదాన్ని నేను. నాలుగు మాటలు ఎక్కువే రాస్తాను. వద్దనేవాళ్ళు వచ్చి ఈ ఉప్పుగదిలో ఒక్క పూట పొరలు గీకి చూపించమనండి.

నా పేరు ప్రత్యూష. మా రోజుల్లో అది పడుచుపిల్లల పేరు. ఇప్పుడు ఊళ్ళో ప్రత్యూషలూ మౌనికలూ హారికలూ అందరమూ మోకాళ్ళ నొప్పుల వాళ్ళమే.

మధ్యాహ్నం ఎస్తేరు వచ్చి పంపు పక్కన కూలబడింది. మా జోజిబాబు కూతురు. బాపట్లలో ఇంజనీరింగ్ చదివేటప్పుడు జోజీ నేనూ ఒకే క్లాసు. ఒడ్డు మునిగి అందరం తెప్పల మీదికి వచ్చాక పక్కపక్క గదులు. నన్ను నోరారా అక్కా అనేవాడు, అందుకని ఎస్తేరుకి నేను అత్తను. జోజి పోయి ఆరు నెలలైంది.

విషయమేమిటంటే, ఎస్తేరు కూతురు షారోను నవ్వడం మానేసింది. తొమ్మిదేళ్ళ పిల్ల. ఎడమవైపు పన్ను మీద పన్ను వచ్చింది. సాయంత్రం అందరిలాగే, రోజంతా తీసి దాచిన బొమ్మలు చూపించే గోడ ముందు కూర్చుని తన రోజు చూసుకుంటే అందులో పలువరుస తిన్నగా ఉంటుంది. నాలుకతో తడుముకుంటే ఎగుడుదిగుడు. గోడలో ఉన్నదే అసలు షారోను అనీ, తానెక్కడో పాడైపోయిందనీ దాని బుర్రలో పడింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని తప్ప మాట్లాడదట. పౌర్ణమికి పళ్ళ డాక్టరు పడవ వస్తుంది, పీకించెయ్యమని ఒకటే పోరు. ఎస్తేరు విసిగిపోయి పేరు కూడా రాయించేసింది.

పీకించడమేమిటే, అది మీ నాన్న పన్ను కదా అన్నాను. ఎస్తేరు తెల్లబోయింది.

“నాన్నకి పన్ను మీద పన్ను ఉండేదా అత్తా?”

ముప్పై ఏళ్ళు ఆ తండ్రి చేతి ముద్ద తిన్న పిల్ల అడిగే మాటా అది. తిట్టబోయి దాని ముఖం చూసి ఆగాను. జోజి పోయిన దగ్గర్నుంచి రోజూ గోడలో వాళ్ళ నాన్ననే చూస్తోందట. చూసీ చూసీ, ఇప్పుడు కళ్ళు మూసుకున్నా గోడలో నాన్నే వస్తున్నాడట. నడుం నిటారుగా, చేతులు వణక్కుండా, పళ్ళు వరసగా. దానికి తోడు జోజికి నవ్వొస్తే చెయ్యి నోటికి అడ్డం పెట్టుకునే అలవాటు. మనవరాలికి పన్నే కాదు, ఆ అలవాటూ వచ్చింది.

చవితి

పొరలు గీకాను. ఉప్పు బస్తాలు కట్టి వంటగదికి పంపాను.

గోడల్ని నేను ఊరికే ఆడిపోసుకోను. ఒడ్డు మునిగిన ఏడాది పిల్లలు నిద్రపోయేవారు కారు. ఏ బొమ్మ చూసినా నీళ్ళే, పోయినవాళ్ళే. అందుకని గదికో గోడ పెట్టి, కనబడినదాన్ని కాస్త దిద్ది చూపించమన్నారు. మీటింగులో నేనూ చెయ్యెత్తాను. ఆ తర్వాత దాన్ని ఆపాలని ఎవరికీ తోచలేదు, అంతే. ఇప్పుడు ఇంట్లోకి ఏ బొమ్మ వచ్చినా ముందు గోడకి చూపించడం ఆచారమైపోయింది. చూపించకపోతే అశుభమన్నట్టు చూస్తారు. ఉప్పుగదిలో మాత్రం గోడ లేదు. మూడుసార్లు పెట్టారు, మూడుసార్లూ ఉప్పు తినేసింది.

షారోనుని పిలిచి, మీ తాతకీ అచ్చం నీలాగే ఉండేదే అని చెప్పాను. పిల్ల నన్ను జాలిగా చూసి, గోడనడిగాను మామ్మా, తాతకి లేదంది, అని చేతి వెనక నుంచే చెప్పింది. డెబ్బై ఏళ్ళ మనిషి మాటకి విలువ లేదు, గోడకి ఉంది. సరే, అబద్ధమాడని బొమ్మే చూపిస్తానన్నాను. అన్నాక చూపించి తీరతాను, నా సంగతి ఊరికి తెలుసు.

షష్ఠి

పంపు వాల్వు మార్చాను. తర్వాత నా రేకు డబ్బా దింపి, కాలేజీ రోజుల నాటి ఫోను తీశాను. ఒడ్డు మునిగిన రోజు పట్టుచీరలు వదిలేసి దీన్ని జాకెట్లో దోపుకుని వచ్చాను. మా ఆయన చివరిదాకా దెప్పేవాడు.

బ్యాటరీ పూరీలా ఉబ్బిపోయింది. దాన్ని పీకేసి, పంపు సెన్సారుది ఒకటి కలిపి వెనకాల రబ్బరుబ్యాండుతో కట్టాను. ఇదేమన్నా బ్రహ్మవిద్యా? కాసేపు నల్లగా ఉండి, తర్వాత వెలిగింది. నాకు తెలియకుండానే గట్టిగా నవ్వేశాను.

బొమ్మలు పంచుకునే ఆ యాప్ కూడా తెరుచుకుంది. కంపెనీ ఎప్పుడో పోయింది, అవతల ఎవరూ లేరు, అయినా నేను పెట్టినవన్నీ ఫోన్లో అలాగే దాచి ఉంచింది. అన్నీ చదరాలు. ఆ మొదటి రోజుల్లో చదరం తప్ప ఒప్పుకునేది కాదు. ఇడ్లీ, చదరం. హాస్టలు మెట్ల మీద చెప్పులు, చదరం. వానలో రైల్వే గేటు, చదరం. అన్నిటికీ టీ ఒలికినట్టు ఒక గోధుమరంగు పూత, చుట్టూ నల్ల అంచు. ఎంత దరిద్రంగా ఉన్నాయో, ఎంత ముద్దొచ్చాయో చెప్పలేను.

ఈ కాలం పిల్లలకి అర్థం కాదు. గోడ పొద్దస్తమానం చూస్తూనే ఉంటుంది, అన్నీ దాస్తుంది. మేము రోజంతటిలో ఒక్కటి ఏరుకునేవాళ్ళం. నేను ఇవాళ ఇది చూశాను, మీరూ చూడండి అని పెట్టి కాచుకుని కూర్చునేవాళ్ళం. లైకులు పదిలోపు ఉంటే కొట్టినవాళ్ళ పేర్లన్నీ కింద కనిపించేవి. పదకొండోది పడితే పేర్లు పోయి అంకె వచ్చేది. పది అయ్యాక జోజి కావాలని లైకు కొట్టేవాడు కాదు. పేర్లుంటేనే బాగుంటుంది, అంకెని ఏం చేసుకుంటామక్కా అనేవాడు. తర్వాత తర్వాత అందరూ అంకె కోసమే ఎగబడ్డారు, ప్రకటనలొచ్చాయి, పోటీలొచ్చాయి, నేను మానేశాను. ఆ మొదటి రెండు మూడేళ్ళు మాత్రం స్వర్గం. ఎవరేమన్నా ఆ మాట వెనక్కి తీసుకోను.

సాయంత్రం షారోను వచ్చింది. రెండుసార్లు టకటకా తడితే బొమ్మ మీద తెల్లటి గుండె ఎగిరొస్తుందని చూపించాను. ఎవరికీ చేరదు, అయినా వస్తుంది. పిల్ల ఒక్క బొమ్మ వదలకుండా తట్టింది. తట్టి తట్టి, ప్రతి పళ్ళెం పక్కనా ఈ వేళ్ళెవరివి మామ్మా అంది.

మీ తాతవే. తినేముందు పళ్ళెం ఫొటో తియ్యందే నేను ఎవర్నీ ముట్టుకోనిచ్చేదాన్ని కాదు. వెలుగు పడేలా పళ్ళెం వంచి పట్టుకోవడం జోజి పని. వాడి ముఖం చదరంలో పట్టేది కాదు, పట్టనిచ్చేదాన్నీ కాదు. నాకు కావలసింది పెసరట్టు.

“తాతకి వేళ్ళే ఉన్నాయి, పళ్ళు లేవు” అంది షారోను. దాని కళ్ళు నవ్వాయి, నోరు మాత్రం చేతి వెనకే ఉంది.

అష్టమి

ఆటు. అష్టమి కదా, నీళ్ళలో ఊపు లేదు. పంపు ఆపి పొరలు ఎండబెట్టాను.

ఎస్తేరు ఫోను అడిగితే ఇచ్చాను. మొగుడికి వాళ్ళ మామ వేళ్ళు చూపిస్తానంది. తీసుకెళ్ళిన కాసేపటికే ఏడుస్తూ వచ్చింది. గుమ్మం దాటగానే చెయ్యి దానంతటదే లేచి ఫోనుని గోడకి చూపించిందట. గోడ దిద్దమంటావా అనడం, ఇది అలవాటుగా ఊ అనడం, రెండూ అయిపోయాయట. చిన్నప్పటి నుంచి ఏ బొమ్మకైనా ఊ అన్న నోరు మరి.

ఫోను తెరిచి చూశాను. యాప్‌లోని చదరాలన్నీ దిద్దేసింది. రైల్వే గేటు దగ్గర వాన లేదు. చెప్పులు కొత్తవైపోయాయి. పళ్ళేలు తళతళలాడుతున్నాయి, పెసరట్టు గుండ్రంగా ఉంది. అనవసరమనుకుని వేళ్ళన్నీ తీసేసింది. పళ్ళెం పట్టుకున్నవాళ్ళు లేకుండా గాల్లో నిలబడి ఉంది.

నేను ఎస్తేరుని చాలా మాటలన్నాను. అవి లాగ్‌లో రాసేవి కావు. అన్నీ విని, అది ఒకే మాట అంది.

“నాన్నని రెండోసారి పోగొట్టుకున్నానత్తా. ఈసారి నా చేత్తో.”

దగ్గరికి తీసుకున్నాను. ఇద్దరం కాసేపు ఏడ్చాం. షారోనుకి సంగతి చెప్పబోతే, గోడ చూసే చెప్పింది కదా, ఇక వద్దు మామ్మా, పౌర్ణమికి పీకించుకుంటాను అంది. పాలపన్ను కాదు మళ్ళీ రావడానికి. పీకితే జోజిది ఈ భూమ్మీద మిగిలిన ఆ కాస్తా పోతుంది.

దశమి

అన్నం సహించలేదు. పని మాత్రం చేశాను, ఊరు నీళ్ళు తాగాలిగా.

పొద్దున మోషే వచ్చి రెండో గొట్టం పూడుకుపోయిందన్నాడు. మా పని కొత్తవాళ్ళకి ఒక్క ముక్కలో చెబుతాను. సముద్రపు నీటిని పొరల మీదికి తోస్తే రెండుగా విడిపోతుంది. ఒక గొట్టంలో మంచినీళ్ళు, రెండో గొట్టంలో చిక్కటి ఉప్పునీళ్ళు. అందరూ మంచినీళ్ళ వంకే చూస్తారు. రెండోది ఎక్కడికి పోతుందో పట్టించుకోరు, పూడుకుని గది నిండితే తప్ప. ఆ గొట్టంలోకి ఊచ తోసి కెలుకుతూ మోషేకి ఇదే పాఠం చెబుతున్నాను. ఏదీ ఎక్కడికీ పోదురా, మనం వద్దనుకున్నది ఇంకో దారిన వెళ్ళి కూర్చుంటుంది, అంతే అని.

చెబుతూ చెబుతూ ఊచ వదిలేశాను.

చదరంగా కోశాక మిగిలిన ముక్క ఏమయ్యేది? ఆ యాప్ కోసుకున్నది చదరాన్ని. ఫోను కెమెరా తీసింది మాత్రం నిలువుగా ఉన్న మొత్తం బొమ్మ. కొయ్యని అసలు బొమ్మ కూడా దాచాలా అని మొదటి రోజే అడిగితే, దాచమని నేనే నొక్కాను. ఆ తర్వాత ఫోను నిండిపోతోందని నాలుగేళ్ళు గొణుక్కున్నది కూడా నేనే. అవి యాప్‌లో ఉండవు, ఫోను గ్యాలరీలో ఉంటాయి. ఎస్తేరు గోడకి చూపించినప్పుడు తెరిచి ఉన్నది యాప్.

మోషేని పంపు దగ్గర నిలబెట్టి ఫోను అందుకున్నాను. చేతులు తడిగా ఉన్నాయి, వేలు సరిగా పనిచెయ్యలేదు. గ్యాలరీ తెరిస్తే వేల బొమ్మలు. పరీక్ష పేపర్లు, బస్సు టికెట్లు, ఒకే ఇడ్లీని ఇరవైసార్లు తీసినవి. ఏ పిచ్చి పట్టి తీశానో అన్ని. అయినా ఒక్కటి కూడా దిద్ది లేదు. రైల్వే గేటు దగ్గర వాన పడుతూనే ఉంది.

చతుర్దశి

నాలుగు రోజులుగా తీరిక దొరికితే ఇదే పని. జోజి కనిపించాడు. చాలాసార్లు కనిపించాడు. ఒకచోట గడ్డం, ఒకచోట చొక్కా జేబు, ఒకచోట ముఖమంతా ఉంది కానీ నోటికి చెయ్యి అడ్డం. నవ్వినప్పుడల్లా ఆ చెయ్యే. వీడి చెయ్యి విరగ అని పోయిన మనిషిని తిట్టుకున్నాను.

ఇవాళ మధ్యాహ్నం దొరికింది. నా పుట్టినరోజు, కాలేజీ క్యాంటీను. చదరంలో పెసరట్టూ అల్లం పచ్చడీ మాత్రమే ఉండేవి. మొత్తం బొమ్మలో వాటి పైన జోజి ఉన్నాడు. ఒక చేత్తో పళ్ళెం వంచి పట్టుకున్నాడు. రెండో చేత్తో రికార్డు పుస్తకం తెరిచి ఎత్తి పట్టుకున్నాడు, ఆ తెల్లకాగితం మీది వెలుగు అట్టు మీద పడాలని నేనే పట్టుకోమన్నాను. ఆకలేస్తోందక్కా, త్వరగా కానియ్యి అంటూ నవ్వాడు. రెండు చేతులూ ఖాళీ లేవు.

నోరంతా తెరుచుకుని ఉంది. ఐతే ముఖం చిన్నది, నా కళ్ళకి పన్ను ఆనలేదు. ఆనకపోతే ఏం, ఉంది. నాకు తెలుసు. తల్లీకూతుళ్ళని రేపు పడవ ఎక్కేముందు నేరుగా ఉప్పుగదికి రమ్మని మోషేతో కబురు పెట్టాను. ఇంటికి తీసుకెళ్ళి చూపించమంటే మాత్రం చచ్చినా ఇవ్వను.

పౌర్ణమి

పోటు ఎక్కువ. పళ్ళ డాక్టరు పడవ పొద్దున్నే వచ్చి మన తెప్పకే కట్టేసి ఉంది.

షారోను వచ్చింది, ముఖం ముడుచుకుని. కొత్త గౌను వేసుకుంది, పన్ను పీకించుకోవడానికి ముస్తాబు. వెనకాల ఎస్తేరు. తడి బల్ల తుడిచి ఫోను దాని ముందు పెట్టాను. నా మాటకి విలువ లేదని ఇంతకుముందే తేలింది కదా.

పిల్ల వంగి చూసింది. అట్టు, పచ్చడి, పైన ఎవరో బక్కపలచటి కుర్రాడు. ఈయనెవరంది. మీ తాత, నీకంటే పదేళ్ళు పెద్ద అన్నాను. తాతకి జుట్టుందే అని ఆశ్చర్యపోయింది. బొమ్మ నచ్చింది కాబోలు, నేను నేర్పినట్టే ఆ చిన్న ముఖం మీద వేలితో రెండుసార్లు టకటకా తట్టింది.

గుండె రాలేదు. అది యాప్‌లో వచ్చేది, గ్యాలరీలో రాదు. గ్యాలరీలో అలా తడితే బొమ్మ పెద్దదవుతుంది. ఆ సంగతి నేనే మరిచిపోయాను. జోజి ముఖం ఒక్కసారిగా దగ్గరికి వచ్చి ఫోను నిండా నిలబడింది. చెమట, మొటిమలు, చెదిరిన జుట్టు, బారెడు నవ్వు. ఎడమవైపు, పన్ను మీద పన్ను.

ఎస్తేరు గోడ పట్టుకుంది. మామూలు గోడే, ఉప్పు పట్టిన రేకు గోడ. నాన్నా అంది. షారోను మాత్రం చాలాసేపు అలాగే చూసింది. నాలుక లోపల తిప్పుకోవడం బుగ్గ మీద కనిపించింది. తర్వాత నోటి మీది చెయ్యి తీసి, ఆ చేత్తోనే ఫోనులో పన్ను మీద వేలు పెట్టింది.

“అమ్మా, ఇది నాదే.”

డాక్టరు రెండుసార్లు మనిషిని పంపాడు. రాదని చెప్పి, కావాలంటే నా అరిగిన దవడపన్ను చూడమన్నాను. ఎస్తేరు ఆ బొమ్మ ముందు నుంచి మధ్యాహ్నం దాకా లేవలేదు. ఇంటికి తీసుకెళ్తానని అడగనూ లేదు. రోజూ ఇక్కడికే వస్తుందట. రమ్మన్నాను, వచ్చినప్పుడు ఒక పొర కూడా గీకిపెట్టమన్నాను.

షారోను తనకీ ఒక ఫొటో తియ్యమంది. ఒక్కటే తీస్తానన్నాను, మా రోజుల్లో ఒక్కటే. ఇంతా అయ్యాక కూడా నవ్వొచ్చేసరికి చెయ్యి నోటికి పోతోంది. అలవాటు అంత తేలిగ్గా పోతుందా. అందుకని ఒక చేతికి ఉప్పు పళ్ళెం ఇచ్చి వంచి పట్టుకోమన్నాను, రెండో చేతికి ఈ లాగ్ పుస్తకం తెరిచి ఇచ్చి వెలుగు పడేలా ఎత్తమన్నాను. బరువుగా ఉంది, త్వరగా కానియ్యి మామ్మా అని పకపకా నవ్వింది.

తీశాను. ఫోను చదరంగా కొయ్యనా అని అడగలేదు, అడిగినా కోసేదాన్ని కాదు. పిల్ల మొత్తం వచ్చింది. పంపులు ఆడుతున్నాయి, నీళ్ళ రుచి బాగుంది.